మా రేషన్ సంచిలో కందిపప్పుకు, జొన్నలకు చోటివ్వండి: పౌరసరఫరాల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పౌరసరఫరాల శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

నేను నారాయణపేట జిల్లా మక్తల్ వైపు ఒక పల్లెలో, గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టాను. ఇప్పుడు ఒక డిగ్రీ కళాశాలలో పర్యావరణ శాస్త్రం బోధిస్తున్నాను. పద్నాలుగు నెలల క్రితం మాంసం మానేశాను. మొక్కు వల్ల కాదు, జబ్బు వల్ల కాదు. పశువులు, గొర్రెలు నెమరువేసేటప్పుడు వెలువడి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు గురించి ఒకరోజు పాఠం చెబుతుంటే, వెనుక బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి "మరి మీరు తింటారా మేడం?" అని అడిగింది. తింటానని నిజమే చెప్పాను గానీ, ఇంటికి వెళ్లేదాకా ఆ ప్రశ్న వదలలేదు. కొన్నాళ్లు మానేసి చూద్దామని మొదలుపెట్టినది ఇంతదూరం వచ్చింది. ఈ పద్నాలుగు నెలల్లో నాకు అర్థమైన సంగతి మాంసానికి సంబంధించినదానికంటే మీ శాఖకు సంబంధించినది ఎక్కువ కావడం వల్ల ఈ లేఖ రాస్తున్నాను.

మన రాష్ట్రం తిండి సంగతి మీకు కొత్తగా చెప్పనవసరం లేదు. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో జరిపిన సర్వేలో పదిహేనేళ్లు దాటినవారిలో దాదాపు 99 శాతం మంది మాంసాహారులని తేలి, దేశంలో మనమే మొదటి వరుసలో నిలిచాం. గొర్రెల సంఖ్యలోనూ అంతే. 2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో గొర్రెలు కోటీ 90 లక్షలకు పైమాటే, ఏ రాష్ట్రంలోనూ అన్ని లేవు. వాటిలో కొన్ని మా ఇంటివి. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో మా నాయన తన వాటా 31,250 రూపాయలకు డీడీ కట్టి, ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు తెచ్చుకున్నాడు. నా చదువుకు చివరి రెండేళ్ల ఫీజులు ఆ మందలోంచే వచ్చాయి. అందువల్ల నేను మాంసం మానేయడమంటే, నన్ను చదివించిన మందనే వేలెత్తి చూపడమని మా ఇంట్లో అనిపించడంలో తప్పేమీ లేదు.

మొదటి దసరాకు ఊరికి వెళ్లినప్పుడు యాట కోసి, తలకాయ, బోటీ వేరు చేసి, కుప్పలు పోసి పంచుతున్నారు. నేను పచ్చిపులుసు పోసుకుని తింటుంటే మా అవ్వ వచ్చి కంచంలోకి తొంగిచూసింది. "ఇయ్యాల దసర గద బిడ్డా, ఒక్కపొద్దేంది?" అంది. చేతనైనట్టు చెప్పాను. ఆమె కాసేపు విని, "గొర్రె తేన్పితే ఆకాశం ఖరాబైతదా? మరి మీ మోటర్లు ఏం జేస్తున్నయి?" అని లేచి వెళ్లిపోయింది. అవ్వ అడిగినదాంట్లో సగానికి నా దగ్గర సమాధానం ఉంది, సగానికి లేదు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల ప్రకారం మన వంటి దేశాల్లో ఒక గొర్రె ఏడాదికి ఐదు కిలోల మీథేన్ వదులుతుంది. మా నాయన తెచ్చిన ఇరవై ఒక్క జీవాలకు అది 105 కిలోలు. నూరేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది గనుక, ఆ మంద ఏడాది ఊపిరి సుమారు 1,250 లీటర్ల పెట్రోలు తగలబెట్టినదానితో సమానం. తక్కువేమీ కాదు, కానీ నగరంలో ఒక్క కారు రోజూ తిరిగితే రెండేళ్లలో ఆ పెట్రోలు తాగేస్తుంది. ఎండాకాలంలో ఇరవై మైళ్లు నడిచి, కోసిన చేలల్లో మంద పెట్టి, పొలానికి ఎరువు వేసి వచ్చే మనిషిని ముందు వరుసలో నిలబెట్టి నేరం మోపడం నాకూ ఇష్టం లేదు.

అయినా పాఠంలో ఉన్నది పాఠంలో ఉంది. 119 దేశాల్లోని 38,000కు పైగా వ్యవసాయ క్షేత్రాల వివరాలను కూడగట్టి 2018లో సైన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం, వంద గ్రాముల మాంసకృత్తులకు గొర్రె మాంసం దాదాపు 20 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులను వెలువరిస్తుంది. కోడి మాంసానికి అది ఆరు కిలోల లోపు, పప్పుధాన్యాలకు కిలో కూడా కాదు. (మాంసకృత్తులు అన్న మాటలోనే మాంసం ఉంది కదా మేడం, పప్పులోకి ఎట్లా వచ్చింది అని పిల్లలు ప్రతి ఏడాదీ నవ్వుతారు. పదం పెట్టినవారు కూడా ముక్క ప్రియులే అయి ఉంటారు.)

తేడా ఇంతగా ఉన్నప్పుడు, మానేయడం కాకపోయినా తగ్గించుకుందామని ఒకరు అనుకుంటే, ఆ ఖాళీలోకి ఏం రావాలి? ఇక్కడే నా అనుభవం మొదలవుతుంది.

పెళ్లి దావతుల్లో శాకాహారమంటే పనీర్ అని ఖాయమైపోయింది. మటన్ బిర్యానీ హండీల వరుస చివర, ఫ్యాన్ గాలి అందని మూలన, ఒక పనీర్ కూర, చల్లబడిన అన్నం ఉంటాయి. ఒకచోట నేను వరుసలో నిలబడి మాంసం తిననని చెబితే, వడ్డించే పిల్లవాడు ఎంతో మర్యాదగా "ముక్కలు తీసేసి అన్నం పెట్టమంటారా మేడం?" అని అడిగాడు. అతని మీద నాకు కోపం లేదు, అతను అడిగినది అతనికి తెలిసిన శాకాహారం. కాలేజీలో అయితే ఇంకొక రకం ప్రశ్న: "కార్తీకం ఎప్పుడో అయిపోయింది కదా మేడం, ఇంకా ఎందుకు?" నెలకో, వారానికో, మాలకో ముడిపెట్టకుండా మాంసం మానడం మన దగ్గర ఇంకా ఎవరికీ అర్థం కాని పని.

ఇంట్లో నేనే వండుకుంటే సరిపోతుందనుకున్నాను. మొదటి మూడు నెలలూ అందరిలాగే చేశాను: అన్నం, సాంబారు, పెరుగు, వారానికి రెండుసార్లు పనీర్. తరువాత కాగితం మీద లెక్క వేస్తే తల తిరిగింది. అదే ఐపీసీసీ లెక్కలో ఒక బర్రె ఏడాదికి 55 కిలోల మీథేన్ వదులుతుంది. అంటే ఒక బర్రె పదకొండు గొర్రెల పెట్టు. మన దేశంలో పశువుల కడుపులోంచి వచ్చే మీథేన్‌లో పెద్ద వాటా ఆవులదీ బర్రెలదీ తప్ప గొర్రెలదీ మేకలదీ కాదు. నీళ్లు నిలిచిన వరి మడి అడుగున గాలి అందక మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసేదీ అదే మీథేన్. గొర్రెను వదిలి బర్రెనూ వరి మడినీ పట్టుకుని, పర్యావరణం కోసం ఏదో చేస్తున్నానని నేను అనుకుంటున్నానన్నమాట. దాంతో మా అవ్వ చిన్నప్పటి తిండివైపు మళ్లాను: జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఉలవల చారు, బెబ్బర్ల గుగ్గిళ్లు, అనపగింజల కూర, నువ్వుల పొడి. వైద్యురాలి సలహాతో బీ12 మాత్రలు వేసుకుంటున్నాను, ఎందుకంటే ఆ విటమిన్ మొక్కల తిండిలో దొరకదు. మిగిలిన విషయాల్లో ఆరోగ్యం బాగానే ఉంది.

అయితే ఇది నా జీతంతో సాగే పని. మా కళాశాలలో ఆఫీసు ఊడ్చే ఆమెకు నేను ఈ తిండి గురించి చెబితే, ఆమె ఒకే మాట అంది: "మేడం, పప్పు కంటే కోడే అగ్గువ." ఆదివారం ఒక కిలో కోడి తెస్తే ఇంటిల్లిపాదికీ పులుసు పోసి రెండు పూటలు జరుపుతుంది. కిలో కందిపప్పు 2015లో 200 రూపాయల దగ్గరికి వెళ్లిన రోజులు ఆమె మరచిపోలేదు. హైదరాబాదు తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ సూచించిన రోజువారీ కంచంలో పప్పు, గుడ్డు, మాంసం అన్నీ కలిపి తలకు 85 గ్రాములు ఉండాలి. నలుగురున్న ఇంటికి అది నెలకు పది కిలోలు. మొత్తం పప్పుగానే కొనాలంటే, కిలో 120 చొప్పున చూసుకున్నా 1,200 రూపాయలు. ఆమెకు రేషన్ దుకాణంలో ఉచితంగా దొరికేది మాత్రం బియ్యమే.

మంత్రిగారూ, 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పంపిణీని నేను తప్పుపట్టడం లేదు. తలకు ఆరు కిలోల చొప్పున తినదగిన బియ్యం ఇవ్వడం వల్ల, తెచ్చుకున్న బియ్యాన్ని మర్నాడే దళారికి అమ్ముకునే అవస్థ మా వీధిలో చాలావరకు తగ్గింది. కానీ ఆ సంచిలో అన్నం ఉంది, అన్నంలోకి ఏమీ లేదు. తమిళనాడులో కార్డుకు కిలో కందిపప్పు 30 రూపాయలకు ఇస్తున్నారు, అదీ ఏళ్ల తరబడి. కర్ణాటకలో కొన్ని జిల్లాల్లో రాగులు, కొన్ని జిల్లాల్లో జొన్నలు బియ్యంతో పాటు వస్తాయి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టంలోనే బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా రాశారు. కాబట్టి జొన్నలివ్వడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు. మన జహీరాబాదు ప్రాంతంలో పస్తాపూర్ చుట్టుపక్కల దళిత మహిళా సంఘాలు 1990లలోనే జొన్నలతో, చిరుధాన్యాలతో సొంత రేషన్ నడిపి చూపించాయి. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లు పల్లెస్థాయిలో చేసినది ప్రభుత్వం రాష్ట్రస్థాయిలో చేయలేదా?

పంట లేకపోవడం కారణం కాదు. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా నారాయణపేట నేలలూ కందికి పెట్టింది పేరు. ఆ పంటకు మడిలో నీళ్లు నిలపనక్కరలేదు, వేరు బుడిపెల్లో నత్రజని పట్టి నేలకే తిరిగి ఇస్తుంది. ఇంత ఉండి కూడా మన దేశం మొజాంబిక్, మయన్మార్ వంటి చోట్ల నుంచి కందులు దిగుమతి చేసుకుంటోంది. 2025-26కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు, కానీ ధర ప్రకటించడం వేరు, కాంటా దగ్గర ఆ ధర చేతికి రావడం వేరు. సన్నవడ్లకు 500 బోనస్ ఇచ్చి, ఊరూరా కొనుగోలు కేంద్రాలు తెరిచి చూపిన శ్రద్ధే కందుల మీదా జొన్నల మీదా చూపి, కొన్న ఆ గింజనే రేషన్ దుకాణానికి మళ్లిస్తే, రైతుకూ కార్డుదారుకూ ఒకే ఖర్చుతో మేలు జరుగుతుంది. మొదటి ఏడాది అన్ని జిల్లాల్లో కుదరకపోతే వికారాబాదు, నారాయణపేట, సంగారెడ్డి జిల్లాలతో మొదలుపెట్టండి. జొన్నలు కావాలా బియ్యం కావాలా అన్నది కార్డుదారునే ఎంచుకోనివ్వండి. బలవంతపు జొన్నలు గేదెల తొట్లోకే పోతాయి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను. ఈ లేఖను చూపించి ఎవరూ అంగన్‌వాడీ గుడ్డు మీదా, హాస్టల్ పిల్లల మాంసం మీదా చెయ్యి వేయకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉంది. వారానికోసారి కూడా ముక్క చూడని ఇంట్లో పర్యావరణం పేరు చెప్పి ఆ ముక్కను తీయడం అన్యాయం. 2024 డిసెంబరులో మీ ప్రభుత్వం వసతిగృహాల డైట్ చార్జీలు 40 శాతం పెంచడం మంచి పని. ఆ కంచంలో మాంసాన్ని అలాగే ఉంచి, మిగిలిన రోజుల్లో పప్పును నీళ్లగా కాక గట్టిగా పోయించండి, అది చాలు.

ఇంకొక కారణం వల్ల కూడా ఈ మాట అంటున్నాను. శాకాహారం అన్న మాట మన దగ్గర కులం వాసన లేకుండా వినబడదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో హైదరాబాదులో అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు, "నీసు వండుతారా?" అన్న ప్రశ్న దగ్గరే నాలుగు గడపలు దాటాల్సి వచ్చింది. నీసు అడ్డం పెట్టుకుని నిజానికి వాళ్లు అడిగినది ఏమిటో నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. ఇప్పుడు అదే ఇళ్లల్లో నాకు సులువుగా గది దొరుకుతుందేమో గానీ, ఆ సంగతి తలచుకుంటే నా జొన్నరొట్టె నాకే చేదవుతుంది. నేను మాంసం మానినది ఆ గడపల కోసం కాదు. తినేవాళ్లను తక్కువ చేయడానికి ఈ మార్పును ఎవరైనా వాడుకుంటే, మళ్లీ యాట కుప్పల దగ్గర కూర్చునేవాళ్లలో నేనే ముందుంటాను.

మొన్న ఫోన్లో ఈ లేఖ సంగతి చెబితే మా నాయన నవ్వాడు. మందను ఎలాగూ తగ్గించుకోవాలనుకుంటున్నాడు, మోకాళ్లు సహకరించడం లేదు. "రెండెకరాలు కంది ఏస్త గని, కొనేటోడెవడో మీ సార్లను ముందుగాల అడుగు" అన్నాడు. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు మీకు చేరవేస్తున్నాను. మావైపు తొలకరి పడ్డాక, జూన్ చివరకో జులై మొదట్లోనో కంది విత్తుతారు. అంతకు ముందే మీ శాఖ నుంచి ఏదో ఒక మాట వస్తే, ఆ రెండెకరాల సంగతి తేల్చుకుంటాడు.

భవదీయురాలు,
మక్తల్ ప్రాంతపు ఒక గొర్రెలకాపరి కూతురు, అధ్యాపకురాలు