కాందిశీకుల మేష్టారికి జీతం ఉండొద్దా?

సంపాదకుడు గారికి,

నేను కంచరపాలెం బర్మా క్యాంపులో పెరిగినవాణ్ణి. 1964లో బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక మావాళ్లు రంగూన్‌లో ఓడెక్కి విశాఖ రేవులో దిగారు. మా వీధి మేష్టారు కూడా అలా వచ్చినవారే. అక్కడి బడిపంతులు కాగితాలు ఇక్కడ చెల్లలేదు. పగలు రేవులో బస్తాల లెక్క, సాయంత్రం అరుగు మీద మాకు ఎక్కాలు. ఇంటికింత బియ్యం, అదే జీతం. ఓరోజు భూగోళంలో బర్మాలోని ఐరావతి నది దగ్గరకొచ్చి ఆగిపోయారు. పుస్తకం మూసి, ‘ఇవాళ్టికి చాల్లే, పొండిరా’ అన్నారు. పెందరాళే వదిలారని మాకు సంబరం. ఆయనకేమైందని అడిగిన పెద్దలు కూడా లేరు.

ఇన్నేళ్లయినా ఆ అరుగు మారలేదు. 1992లో మొదలైన కెన్యా కకుమా శిబిరంలో చాలామంది టీచర్లు శరణార్థులే. ఒక్కో గదిలో వందకు పైగా పిల్లలు. వాళ్లకిచ్చేదాన్ని జీతం అనరు, ‘ఇన్సెంటివ్’ అంటారు. శరణార్థికి పని అనుమతి దొరకడం కష్టం కాబట్టి, అదే పాఠం చెప్పే కెన్యా టీచరు కంటే బాగా తక్కువ ఇస్తారు. బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ శిబిరాల్లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా టీచరు పేరు ‘వాలంటీరు’. పిల్లల భయం పోగొట్టమని వీళ్లకే చెబుతారు. అయినవాళ్లను పోగొట్టుకున్నది వీళ్లూ కదా! ఒత్తిడి తగ్గించుకోవడంపై ఓ పూట శిక్షణ పెడితే సరిపోతుందనుకోవడం నాకు మింగుడుపడదు. ముందు పొయ్యి వెలగాలి.

అంత దూరం ఎందుకు? 2005 తర్వాత మావోయిస్టుల మీదకు లేచిన సల్వాజుడుం దళాల గొడవల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి మన చింతూరు వైపు వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ ఆదివాసుల సంగతి చూడండి. తెలుగు రాని ఆ పిల్లలకు ఇంటి భాషలో తొలి అక్షరాలు చెప్పగలిగేది ఆ గుంపుల్లో నాలుగు ముక్కలు చదువుకున్న కుర్రాళ్లే. వాళ్లు పరాయి దేశస్థులు కారు, పని అనుమతి అక్కర్లేదు. అడ్డొచ్చేవి మళ్లీ కాగితాలే. అక్కడి ఎస్టీ హోదా ఇక్కడ వర్తించదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం వేసవి సెలవుల్లో ఇలాంటి వారికి శిక్షణ ఇచ్చి, చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. విద్యాశాఖ ఆ కాగితం చూసి వాళ్లను పనిలోకి తీసుకోవాలి. గౌరవ వేతనం అని పేరు మార్చకుండా, నెల తిరగ్గానే జీతమే ఇవ్వాలి.

– విశ్రాంత ఉపాధ్యాయుడు,
కంచరపాలెం, విశాఖపట్నం