పాతబస్తీ నడకకి డబ్బుల కంటే బాత్రూమ్ కరువు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎండలు ముదరకముందే ఎక్కడికైనా పోయి రావాలి అనుకునేవాళ్లకి పేపర్లలో, ఫోన్లలో కనిపించేవన్నీ ఊటీలు, అరకులు, రిసార్టు ప్యాకేజీలే, మనిషికి ఇన్ని వేలు అని. మాలాంటి ఇళ్లలో అది చదివి పేజీ తిప్పేయడమే. ఇదే ఊళ్లో ఉంటూ కోఠీ నుంచి చార్మినార్ దాకా ఒక్కసారి కూడా నడవనివాళ్లు మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది పైనే ఉంటారు, అడిగితే అమ్మో పాతబస్తీనా, ట్రాఫిక్ కదా అంటారు. ట్రాఫిక్ కారులో కూర్చున్నవాళ్లకండి, నడిచేవాళ్లకి కాదు. ఫాల్గుణం రోజులు నడకకి భలే ఉంటాయి, పొద్దున చలి పోయింది, మధ్యాహ్నం ఎండ ఇంకా మాడ్చట్లేదు, వేపలు చిగురేస్తున్నాయి.

మొన్న నేను, మా చెల్లి, ఇంటర్ చదువుతున్న దాని కూతురు కలిసి వెళ్లాం. ఆడవాళ్లకి సిటీ బస్సు ఫ్రీ కదా, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని కోఠీలో దిగాం. మొదట సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. 1901లో, ఊళ్లో అంతా ఉర్దూలోనే నడిచే రోజుల్లో, కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు లాంటి పెద్దలు కలిసి పెట్టిన తెలుగు లైబ్రరీ అది. బయట చీరల బేరాల గోలలో పడి ఎవరూ తలెత్తి ఆ బోర్డు చూడరు. పిల్ల మాత్రం ఫోటో తీసి కాలేజీ గ్రూప్‌లో పెట్టింది, ఇది ఎక్కడుందని తెలుగు మీడియం స్నేహితులే అడిగారంట.

అక్కణ్నించి గౌలిగూడ మీదుగా అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది, చాలామందికి తెలియదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచేసినప్పుడు ఆ చెట్టెక్కిన సుమారు నూట యాభై మంది బతికారు. ఆ వరదలోనే ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యని, కూతురిని పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతే కదా విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి, మళ్లీ ఇలా జరగకుండా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది. ఆ చెట్టు కింద నిలబడి ఇదంతా చెప్తుంటే మా పిల్ల ఫోన్ జేబులో పెట్టేసింది, అది చాలా పెద్ద విషయం మా ఇంట్లో.

నయాపూల్ దాటుతుంటే కుడివైపు హైకోర్టు గుమ్మటాలు, ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం. మ్యూజియం లోపలికి పోతే ఆ రోజంతా దానికే పోతుంది కాబట్టి ఇంకోసారికి ఉంచాం (శుక్రవారం సెలవు, అది గుర్తు పెట్టుకోండి, చౌమహల్లా ప్యాలెస్ కూడా అంతే). మేం మదీనా చౌరస్తా దగ్గర్లో బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకి వెళ్లాం, మొహర్రంలో షియా ముస్లింలు సంతాపం పాటించే చోటు అది. ఇది మాత్రం నేను ఎవరికైనా కచ్చితంగా చెప్తా, అంత రద్దీ రోడ్డు పక్కనే ఉంది కానీ లోపల అడుగు పెడితే హారన్ల మోత ఎక్కడో వెనక్కి పోతుంది. కుతుబ్‌షాహీల కాలం నాటి పింగాణీ పలకలు గోడంతా, ఆవపిండి పసుపు, ముదురు నీలం, ఆకుపచ్చ, చిన్నచిన్న ముక్కలు కోసి అతికినవి, దగ్గరికి పోయి చూస్తే ముక్కకీ ముక్కకీ మధ్య గీత వెంట్రుకంత. గోడ కింది భాగం చూడండి, అక్కడ పలకలు లేవు, 1908 వరద నీళ్లలో పోయాయి, తర్వాత రంగులతో పూత వేసి సరిపెట్టారు. పొద్దున మూసీ ఒడ్డున చెప్పుకున్న కథ ఇక్కడ గోడ మీద కనపడుతుందన్నమాట. చెప్పులు బయట విప్పి, తల మీద చున్నీ కప్పుకుని వెళ్లాం, ఎవరూ ఏమీ అనలేదు.

పత్తర్‌గట్టి రాతి కమానుల కింద నీడలో నడుచుకుంటూ చార్ కమాన్, గుల్జార్ హౌజ్ దాటితే చార్మినార్. టికెట్ మనిషికి పాతిక రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకి లేదు. పైన మొదటి అంతస్తు దాకానే పోనిస్తారు, మెట్లు నిటారుగా ఇరుగ్గా ఉంటాయి, మోకాళ్ల నొప్పులవాళ్లు కింద కూర్చుని చాయ్ తాగడమే మేలు. పైకెళ్తే 1591లో ఈ ఊరికి ఎలా ప్లాన్ గీశారో ఒక్క చూపులో అర్థమవుతుంది, నాలుగు దిక్కులకి నాలుగు రోడ్లు. చుట్టూ రాళ్లు పరిచి బండ్లు రాకుండా చేశారు, అది నిజంగా మంచి పని, మెచ్చుకోవాలి.

లాడ్ బజార్‌లో కొనకుండా రావడం కష్టమే కానీ చూడ్డానికి మాత్రం పైసా అక్కర్లేదు. ఒక కొట్టు ముందు నిలబడి లక్క గాజు చేయడం చూశాం. బొగ్గుల మీద లక్క మెత్తబడగానే తీగలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి మీదుండగానే మెరుపు రాళ్లు ఒక్కొక్కటే వేలితో అద్దుతున్నారు. చల్లారితే రాయి కూర్చోదు కాబట్టి మళ్లీ వేడి, మళ్లీ అద్దడం, చేతులు ఎలా కాలకుండా ఉంటాయో. ఈ గాజులకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సొంత సరుకు అనే గుర్తింపు, వచ్చింది. మా చెల్లి బేరమాడి ఒక జత తీసుకుంది, సైజు బిగుతైతే అక్కడికక్కడే వేడి చేసి సరిచేసిచ్చారు.

తిండికి కూడా పెద్దగా ఏం కాలేదు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, బండి మీద వెన్న దోసె, పళ్లు. (రంజాన్ నెలలో అయితే సాయంత్రం పోవడమే మంచిది, పగలు చాలా హోటళ్లు మూసుంటాయి, రాత్రికి చూడాలి ఆ సందడి.)

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఇంటికొచ్చాక లెక్క చూసుకుంటే గాజులు తీసేస్తే మా ఖర్చులో ఎక్కువ భాగం దేనికయిందో తెలుసా అండీ, బాత్రూమ్‌కి. అవును. దారి పొడవునా ఆడవాళ్లు ధైర్యంగా వెళ్లగలిగే టాయిలెట్ మాకు కనపడలేదు, కనపడిన ఒకదానికి తాళం, ఇంకోదాంట్లో నీళ్లు లేవు. ఇక చేసేదేముంది, ఏసీ హోటల్లోకి పోయి, ఆకలి లేకపోయినా ముగ్గురికీ ఏదో ఒకటి ఆర్డర్ చేసి, ఆ వంకతో వాళ్ల బాత్రూమ్ వాడుకున్నాం. మా పిల్లయితే మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగడమే మానేసింది, తాగితే మళ్లీ వెళ్లాల్సొస్తుందని. ఆ ఎండలో తలనొప్పి రాక ఏమొస్తుంది. బస్సు ఫ్రీ ఇచ్చారు, చాలా సంతోషం, కానీ బస్సు దిగిన ఆడమనిషి నాలుగైదు గంటలు రోడ్డు మీద ఉంటే ఆమె ఎక్కడికి పోవాలో కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి కదా. మగవాళ్లకి ఈ బాధ అర్థం కాదు, గోడలు ఉన్నాయి వాళ్లకి, ఆ గోడల్లో కొన్ని నాలుగు వందల ఏళ్ల నాటివి, అది ఇంకో ఏడుపు.

లైటింగులకి, సుందరీకరణకి, పండగ స్టాల్స్‌కి డబ్బులు పెడుతూనే ఉన్నారు. తప్పు అనను. కానీ కోఠీ నుంచి చార్మినార్‌కి మేం నడిచిన దారి మూడు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ, అంతే. ఇందులో అఫ్జల్‌గంజ్ దగ్గర ఒకటి, మదీనా దగ్గర ఒకటి, చార్మినార్ దగ్గర ఒకటి, శుభ్రంగా ఉండే టాయిలెట్లు, అవి కూడా మనిషి కాపలా ఉండి చీకటి పడేదాకా తెరిచి ఉంచేవి, పక్కనే తాగే నీళ్ల కుళాయి. ఐదు రూపాయలో పది రూపాయలో తీసుకోండి, ఇస్తాం, ఇష్టంగా ఇస్తాం. అవి ఎటున్నాయో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో బాణం గుర్తుతో బోర్డు పెట్టండి. కొత్తగా కట్టక్కర్లేకపోవచ్చు కూడా, ఉన్నవాటి తాళాలు తీసి నీళ్లు వదిలినా సగం పని అయిపోతుంది.

మీ పేపర్‌కి కూడా ఒక విన్నపం. రిసార్టు పేజీ వేసే చోట ఒక ఆదివారం ఈ నడక దారి మ్యాప్ వేయండి, కట్టడాలతో పాటు టాయిలెట్ ఎక్కడుంది, తెరిచి ఉంటుందా, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి అనేవి మీ రిపోర్టర్ స్వయంగా తిరిగి చూసి గుర్తు పెట్టాలి, కుదిరితే లేడీ రిపోర్టర్‌ని పంపండి. ఉగాది లోపే వేస్తే ఇంకా మంచిది, ఆ తర్వాత పగలు నడిచే ఎండలు కావు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మలక్‌పేట, హైదరాబాద్