కొత్తపట్నం రోడ్డులో అది మురుగుకాలవ కాదు

సంపాదకుల వారికి,

ఒంగోలు కొత్తపట్నం వైపు పెరుగుతోందని, బీచ్ దారిలో స్థలాల రేట్లు మండిపోతున్నాయని పేపర్లో తరచూ చూస్తున్నాం. మేమూ ఆ దారిలోనే ఇల్లు కట్టుకున్నాం. సాయంత్రమయ్యేసరికి ఉప్పుగాలి, ఆదివారం పల్లెపాలెం నుంచి పచ్చి చేపలు, బాగానే ఉంది. ఇనపగేటుకి ఎన్ని రంగులేసినా తుప్పు ఆగదు, అది వేరే గోల.

నా బాధ బకింగ్‌హామ్ కాలవ గురించి. కొత్తగా వచ్చిన మా బోటివాళ్లకి అది మురుగుకాలవ, అంతే. కోళ్ల ఈకలు, పెళ్లి విస్తళ్లు, పాత ఇల్లు పడగొట్టిన గోడముక్కలు, అన్నీ అందులోకే.

1806లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి, విడతలు విడతలుగా మన పెద్దగంజాం దాకా తవ్వుకొచ్చారు దీన్ని. 1876-78 కరువులో తిండిలేని జనం కూలికి మట్టి మోసి మద్రాసు ఊరి లోపలి ముక్క కలిపారు, పేరు మాత్రం గవర్నరుది పెట్టారు. లారీలు రాకముందు ఈ తీరం ఉప్పు, సరుగుడు కట్టెలు మద్రాసు చేరింది ఈ నీళ్ల మీదే. గాలి ఉంటే తెరచాప, లేదంటే గట్టున నడుస్తూ మనుషులు తాడేసి లాగేవాళ్లు. ఇప్పుడు ఆ గట్టే ఎక్కడికక్కడ కరిగిపోతోంది.

పాత కథ మనకెందుకంటారా? 2004 సునామీలో లోపలికి తోసుకొచ్చిన నీటిని ఈ కాలవే చాలాచోట్ల పట్టుకుని తిరిగి సముద్రంలోకి పంపిందని శాస్త్రవేత్తలు చెప్పారు. పూడ్చుకుంటే రేపు మునిగేది మన వరండాలే. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో కలిపారు, పడవల సంగతి దేవుడెరుగు, ముందు పూడిక తీయించండి చాలు.

అధికారులను అడిగేది పెద్దదేం కాదు. కాలవకి హద్దురాళ్లు వేయండి, చెత్త పోసేవాళ్లకి జరిమానా రాయండి, వంతెన దగ్గర దీని చరిత్ర నాలుగు ముక్కల్లో బోర్డు మీద పెట్టండి. అదే చేత్తో బీచ్ దగ్గర ఇంకో బోర్డు: 1937 వేసవిలో కొత్తపట్నంలో పెట్టిన రాజకీయ పాఠశాలని ప్రభుత్వం నిషేధించిందనీ, పోలీసులు లాఠీలతో చెదరగొట్టారనీ. కార్తీక పౌర్ణమికి స్నానాలకొచ్చే వేలమందిలో ఎంతమందికి తెలుసు ఈ ముక్క? వెంచర్ల వాళ్లకి ఆకాశమంత హోర్డింగులకి చోటిస్తున్నారు కదా, వీటికీ రెండు గజాలు ఇవ్వండి.

- ఒక పాఠకుడు, కొత్తపట్నం రోడ్డు, ఒంగోలు