ఆ పది నిమిషాలు మా కోసం కూర్చున్న మావుసీకి

మా పెద్దమ్మాయికి పదిహేడేళ్లు. ఇక్కడే ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ టూ చదువుతోంది. పోయిన వర్షాకాలంలో వారం రోజులు జ్వరం వచ్చి తగ్గింది. జ్వరమైతే పోయింది గానీ పిల్ల మళ్లీ మునుపటిలా కాలేదు. మంచం మీద నుంచి లేస్తే గుండె దడ, కళ్లు బైర్లు కమ్మడం. వేడినీళ్లతో స్నానం చేసి వస్తే గోడ పట్టుకుని నిలబడేది. కాలేజీలో ప్రార్థన వరుసలో రెండుసార్లు కూలబడిపోయింది.

దిష్టి తీశాం. రక్తపరీక్ష, థైరాయిడ్, ఈసీజీ చేయిస్తే అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఒక డాక్టరు పరీక్షల టెన్షన్ అన్నారు. చుట్టాల్లో ఒకరు, చదువు తప్పించుకోవడానికి నాటకమాడుతోందన్నారు. నేనూ ఒకరోజు ఆ మాటే అని దాని మీద అరిచాను. అప్పుడు దాని ముఖం ఎలా అయిపోయిందో నేను మర్చిపోలేను.

మా వెనక వీధిలో నర్సుగా చేసి రిటైరైన ఒడియా ఆవిడ ఉన్నారు. పిల్లలందరికీ ఆవిడ మావుసీ, అంటే పిన్ని. విషయం విని ఒక్కటే అడిగారు: "పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి నాడి చూశారా?" ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రమే బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటరు తీసుకుని వచ్చారు. పిల్లను పది నిమిషాలు పడుకోబెట్టి చూస్తే నాడి 78. తర్వాత గోడకు ఆనించి నిలబెట్టి, రెండేసి నిమిషాలకోసారి కాగితం మీద రాసుకున్నారు. ఎనిమిదో నిమిషానికి 126. బీపీ మాత్రం పడలేదు. పాదాలు ఊదారంగుకు తిరిగాయి. "చూడమ్మా, ఇంత నాడి ఎవరైనా కావాలని తెచ్చుకోగలరా?" అన్నారు. నేనూ నా కూతురూ ఇద్దరం ఏడ్చేశాం.

సంక్రాంతి దాటాక ఆ కాగితం పట్టుకునే విశాఖపట్నం వెళ్లాం. అక్కడి డాక్టరుగారు ముందు దాన్నే చదివి, మళ్లీ తామూ పరీక్ష చేసి చెప్పారు: పోశ్చురల్ ఆర్థోస్టాటిక్ టాకీకార్డియా సిండ్రోమ్, పొట్టిగా పాట్స్. నిలబడగానే ఎవరికైనా అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగుతుందట. రక్తనాళాలు బిగిసి దాన్ని పైకి పంపాలి. అది సరిగ్గా జరగకపోతే గుండె పరుగు పెడుతుంది. నిలబడిన పది నిమిషాల్లో పెద్దవాళ్లకు నాడి 30, పన్నెండు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకు 40 పెరిగి, బీపీ పడకుండా, ఈ బాధ మూడు నెలలు దాటి ఉంటే దీన్ని అనుమానిస్తారు. వైరల్ జ్వరాల తర్వాత మొదలవడం మామూలేనట.

ఇప్పుడు రోజుకు రెండున్నర లీటర్ల నీళ్లు, నడుము దాకా బిగుతు మేజోళ్లు, పడుకుని చేసే వ్యాయామాలు. ఉప్పు కూడా పెంచమన్నారు. కానీ బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లు సొంతంగా ఇలా చేయకూడదని గట్టిగా చెప్పారు. రోజూ పొద్దున్నే మావుసీ ఇంటి నుంచి ఉప్పు వేసిన పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) నీళ్లు వస్తాయి. ఆవిడ తొరాణి అంటారు, మా అమ్మ తరవాణి అనేది. పూర్తిగా తగ్గలేదు, ఎండ రోజుల్లో ఇంకా కష్టమే. అయినా కాలేజీకి వెళ్తోంది.

ప్రార్థనలో దాని కోసం కుర్చీ వేయించిన లెక్చరరు గారికీ, మమ్మల్ని పలాస స్టేషను దాకా కారులో దింపిన పక్కింటి అన్నయ్యకీ దండాలు. మావుసీ, మీకు ఏమని చెప్పను? మీకు తెలుగు చదవడం రాదు కదా, రేపు పొద్దున మా అమ్మాయే వచ్చి ఇదంతా ఒడియాలో చెబుతానంది.