విజయవాడ సింగ్‌నగర్ రామాలయం వెనక దివ్యాంగ పిల్లల బడి కోసం భక్తులకు మనవి

శ్రీరామ. అమ్మలకు, అయ్యలకు కమిటీ నమస్కారాలు.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఈలోగా గుడి వెనక దివ్యాంగ పిల్లల బడి పని పూర్తికాకపోతే ఈ ఏడు కూడా నలుగురు పిల్లలు గుమ్మం బయటే ఆగిపోతారు. అందుకే మొహమాటం పక్కన పెట్టి రాస్తున్నాం.

2024 సెప్టెంబరు 1 సంగతి మీకు చెప్పనక్కర్లేదు. బుడమేరు నీళ్లలో మీ ఇళ్లు మునిగి ఉన్నా, గుడి మేడ మీద పులిహోర కలిపి పడవల్లో పంచింది మీరే. ఆ నీళ్లకే బడి పుస్తకాలన్నీ పోయాయి. చూపులేని పిల్లలు వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ కాగితం తడిస్తే ఉబ్బెత్తు చుక్కలు అణిగిపోతాయి, ఆరబెట్టినా లాభం లేదు. మళ్లీ వరదొస్తుందన్న భయంతో రెండు గదుల మట్టం రెండడుగులు లేపాం. ఘనకార్యం చేశామనుకున్నాం. చక్రాల కుర్చీలో వచ్చిన పిల్లాడు నాలుగు మెట్ల ముందు ఆగిపోయాక గానీ మా తెలివి మాకు తెలిసిరాలేదు.

మేస్త్రీ అప్పటికి పదడుగుల వాలు కట్టాడు. వాళ్లమ్మ తోస్తుంటే కుర్చీ సగం దాకా ఎక్కి వెనక్కి జారింది. పూలమ్మే ఆవిడ బుట్ట వదిలేసి వచ్చి పట్టుకోబట్టి సరిపోయింది. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలట. అంటే మనకు 24 అడుగుల ర్యాంపు కావాలి. నాలుగడుగుల వెడల్పు, రెండువైపులా కమ్మీలు, పారిజాతం చెట్టు కొట్టకుండా మధ్యలో మలుపు, ఆ మలుపులో కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును. కార్యదర్శికి ర్యాంపు పిచ్చి పట్టిందని కమిటీలోనే అంటున్నారు. పట్టిన మాట నిజమే, టేపు జేబులోనే ఉంటోంది.

తక్కినవి బ్రెయిలీ కాగితం, పలకలు, వినికిడి యంత్రాల బ్యాటరీలు, ఆయా జీతం. అన్నీ కలిపి నాలుగు లక్షల పైచిలుకు, చేతిలో ఉన్నది రెండున్నర. లెక్క నోటీసు బోర్డులో పెట్టాం.

ప్రభుత్వం చూసుకోదా అని కొందరి ప్రశ్న. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కే. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలూ ఉన్నాయి, కాదనం. కానీ నడవలేని బిడ్డని చంకనేసుకుని రోజూ రెండు ఆటోలు మారే తల్లిని అడగండి.

మొన్న దసరాల్లో మూలా నక్షత్రం నాడు, కొండ మీద దుర్గమ్మ సరస్వతిగా దర్శనమిస్తున్న పూటే, మన గుడిలో చూపులేని పాపకి అక్షరాభ్యాసం జరిగింది. బియ్యం పళ్లెం ముందు పూజారిగారు తటపటాయించారు. టీచరమ్మ బ్రెయిలీ పలకలో కాగితం బిగించి, పాప చేత మొన ఉన్న స్టైలస్‌తో ఒక్క పోటు పొడిపించి, కాగితం తిప్పి వేలు పెట్టించింది. బ్రెయిలీలో ఆ ఒక్క చుక్కే ‘అ’. పాప దాన్ని తడిమి, "ఇంతేనా?" అంది.

ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు అనగానే ఒక్క సాయంత్రంలో చందా పుస్తకం నింపేశారు. ఈ బడి గురించి మూడు శనివారాలు మైకులో చెబితే తెగినవి పదకొండు రసీదులు. తప్పు పట్టడం లేదు, గుర్తు చేస్తున్నాం. దేవుడి సొమ్ము బడికెందుకన్న పెద్దలకు మనవి: బడి ఖాతా వేరు, రసీదు పుస్తకం వేరు.

డబ్బే ఇవ్వాలని లేదు. సిమెంటు, ఇసుక, కమ్మీలకు పైపు ఇవ్వండి, వెల్డింగ్ తెలిసినవారు ఒక్క రోజు రండి. మే 20న పని మొదలుపెడతానన్న మేస్త్రీ సగం అడ్వాన్సు అడుగుతున్నాడు. దయచేసి హుండీలో వేయకండి, అది బడి ఖాతాకు రాదు. ఉదయం 7 నుంచి 10 దాకా ఆఫీసు గదిలో ఇచ్చి, పచ్చ రసీదే అడిగి తీసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి, ఆలయ కమిటీ