మూడో బెంచీలో పట్టని మోకాళ్లు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శని, ఆదివారాల్లో బడి గేటు దగ్గర అంత సందడి ఎందుకో, సోమవారం పొద్దున మీ పిల్లలు అంత బద్ధకంగా ఎందుకు లేచారో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఏటా జరిపే పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఈసారి రెండు రోజులు జరిగింది. అందులో ఏది కుదిరిందో, ఏది కుదరలేదో, వచ్చే ఏడు మీ నుంచి ఏం కావాలో చెబుదామని ఈ ఉత్తరం.

ముందు నిరుటి తప్పు ఒప్పుకోవాలి. నిరుడు వేదిక కట్టాం, మైకు పెట్టాం, వక్తల పేర్లు అచ్చు వేయించాం. ప్రసంగాలు మూడు గంటలు సాగాయి. అందులో నా వాటా ఇరవై నిమిషాలు. అరగంట గడిచేసరికి వెనక వరసలు ఖాళీ. అంతా ఏమయ్యారా అని చూస్తే, వరండాలో గుంపులుగా నిలబడి ఒకరి మాటకొకరు అడ్డం వస్తూ నవ్వుకుంటున్నారు. అసలు సమ్మేళనం అక్కడ జరుగుతుంటే, మేం ఖాళీ కుర్చీలకు స్వాగతం పలుకుతున్నాం.

అందుకే ఈసారి వేదిక జోలికే పోలేదు. శనివారం పొద్దున గంట కొట్టి, పావుగంటలో పలకరింపులు ముగించి, తరగతి గదుల తలుపులు తీసేశాం. మధ్యాహ్నం దాకా ఏ కార్యక్రమమూ లేదు. "అంతసేపు ఖాళీగా వదిలేస్తే జనం విసుగెత్తి వెళ్లిపోతారు మేడమ్" అని మా కమిటీలో కొందరికి ఒకటే టెన్షన్. ఎవరూ కదల్లేదు. నడివయసు దాటిన నలుగురు నేరుగా తమ పాత గదికి వెళ్లి మూడో బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. మోకాళ్లు డెస్కు కింద పట్టక ఇద్దరు కాళ్లు నడవలోకి చాపుకున్నారు. లేవాల్సి వచ్చినప్పుడు ఒకాయన్ని మిగతావాళ్లు లాగాల్సి వచ్చింది.

అసలు కష్టం మనుషుల్ని వెతకడం. మేం ఎనిమిది నెలల ముందు మొదలుపెట్టాం. ఆధారం అడ్మిషన్ రిజిస్టర్లే. ప్రతి బ్యాచ్‌కీ ఒకరిని బాధ్యులుగా పెట్టుకున్నాం. ఫోన్ గ్రూపుల్లో పెట్టిన ఆహ్వానానికి దండం బొమ్మలు చాలానే వచ్చాయి గానీ, వస్తామని ఖాయంగా చెప్పినవాళ్లు తక్కువ. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పేరు పెట్టి పిలిచి అడిగితేనే పని జరిగింది. ఆడవాళ్లను వెతకడం మరీ కష్టమైంది. పెళ్లి తరవాత చాలామంది ఇంటిపేరు మారింది, రిజిస్టర్లో ఉన్న పేరుతో వెతికితే దొరకరు.

ఆ పనికి అక్కరకొచ్చింది సమ్మేళనానికి వచ్చేవాళ్లు నింపే దరఖాస్తులోని ఒక ప్రశ్న: "మీ పక్కన ఎవరు కూర్చునేవారు?" ఆచూకీ దొరకని చాలామంది ఆ జవాబుల ద్వారానే దొరికారు.

ఆ ప్రశ్న అంతకుముందు లేదు. నిరుడు ఆ చోట "ప్రస్తుత ఉద్యోగం, హోదా" అనే గడి ఉండేది. ఫారం అన్నాక ఉండాలి కదా అని పెట్టిందే తప్ప, దానితో మాకు ఏ పనీ లేదు. తరవాత ఒక పూర్వ విద్యార్థి దారిలో కనబడి అన్న మాట ఇది: "ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయింది మేడమ్. అప్పటికి ఉద్యోగం పోయి నాలుగు నెలలు." ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారట, సమ్మేళనానికి రాలేదు. నేను పది రోజులు దాని గురించే ఆలోచించాను. పెద్ద హోదాలో ఉన్నవాళ్లు ఎలాగూ వస్తారు. రావడానికి జంకేవాళ్లకు ఆ జంకు మనమే అచ్చు వేసి పంపించాం. ఈ ఏడు ఆ గడి తీసేశాం. సన్మానాలు, మెమెంటోలు కూడా తీసేశాం. ఆయన ఈసారి రెండు రోజులూ ఉన్నారు.

మెడలో వేసే కార్డుల గురించి ఒక మాట. 1975లో హ్యారీ బారిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. 17 నుంచి 74 ఏళ్ల మధ్య వయసున్న 392 మందిని వాళ్ల హైస్కూలు సహాధ్యాయుల గురించి పరీక్షించారు. పాత ఫొటోలు చూపిస్తే, బడి వదిలి 15 ఏళ్లు దాటనివాళ్లు సుమారు 90 శాతం ముఖాల్ని గుర్తుపట్టారు. 48 ఏళ్లయినవాళ్లు కూడా 70 శాతం దాకా గుర్తుపట్టారు. ఏ ఆధారమూ ఇవ్వకుండా పేర్లు చెప్పమంటే మాత్రం బాగా తడబడ్డారు. మా సైన్సు టీచరు ఇది చదివి, "అయితే మనకు గుర్తుండేది అప్పటి ముఖం కదా, ఇప్పటిది కాదు కదా" అన్నారు. అందుకని ప్రతి కార్డు మీదా పాత గ్రూపు ఫొటోలోంచి కత్తిరించిన ఆ మనిషి చిన్నప్పటి ముఖం అంటించాం. కింద బడిలోని పేరు పెద్ద అక్షరాల్లో, ఇప్పటి పేరు చిన్నగా. ఎదురుపడినవాళ్లు ముందు కార్డు వైపు చూడటం, తరవాత తలెత్తి ముఖం వైపు చూడటం, వెంటనే ఒక కేక!

రిటైరైన లెక్కల మాస్టారు కుర్చీలో కూర్చుని, "నాకు ఎవరూ గుర్తులేరమ్మా, వయసైపోయింది" అంటూ ఉన్నారు. గ్రూపు ఫొటో ఒడిలో పెట్టాం. వేలు మొదటి వరస మీద మెల్లిగా నడిచింది. పది నిమిషాల్లో రెండు వరసల పేర్లు ఇంటిపేర్లతో సహా చెప్పి, ఒక అబ్బాయి దగ్గర ఆగి, "వీడు హోంవర్కు వేరేవాళ్లతో చేయించేవాడు" అన్నారు. ఆ "అబ్బాయి" ఆయన కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

తొమ్మిదో తరగతి పిల్లల పని ఫొటోలది. కలర్ ఫొటోల్లో అందరూ ఎర్రగా ఉన్నారేమిటని వాళ్ల అనుమానం. 1970ల నాటి చాలా కలర్ ప్రింట్లలో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు మిగతా వాటికన్నా ముందు వెలిసిపోతుంది, ఎరుపు మిగులుతుంది. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ రంగుల్లా తేలిగ్గా వెలవని వెండి రేణువులది కాబట్టి అంతకన్నా పాతవే ఇంకా స్పష్టంగా ఉన్నాయి. ఇదంతా వాళ్లు క్లాసులో కన్నా ఆ రెండు రోజుల్లోనే బాగా నేర్చుకున్నారు. మీ ఇంట్లో పాత బడి ఫొటోలుంటే పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసి పంపండి. ఫోన్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

పిల్లలు పెద్దల్ని ఇంటర్వ్యూ కూడా చేశారు. "మీరు ఏమయ్యారు?" అని మాత్రం అడగొద్దని చెప్పాను. వాళ్లు ఎంచుకున్న ప్రశ్న, "బడిలో మీకు ఎప్పుడు ఏడుపొచ్చింది?" అని. ఒకావిడ, సెక్షన్లు మార్చినప్పుడు స్నేహితురాలు బీ సెక్షన్‌కు పోయిన రోజని చెప్పారు. ఆ స్నేహితురాలు పక్క గదిలోనే ఉంది.

కొందరు తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నకు జవాబు: అవును, బయటివాళ్లు వచ్చే రోజు పిల్లల భద్రత మాకూ ఆలోచనే. వచ్చిన ప్రతివారూ గేటు దగ్గర సంతకం చేసి కార్డు తీసుకున్నాకే లోపలికి వచ్చారు. ప్రతి పిల్లల బృందంతోనూ ఒక టీచరు ఉన్నారు. మీ అనుమతి పత్రం లేని పిల్లల ఫొటోలు ఎక్కడా పెట్టం. లోటు ఒకటి జరిగింది: నడవలేనివాళ్లకు కింది అంతస్తులో గదులు కేటాయించాం గానీ, టాయిలెట్ గడప ఎత్తుగా ఉన్న సంగతి గమనించలేదు. చక్రాల కుర్చీలో వచ్చిన ఒకరు ఇబ్బంది పడ్డారు. ఈ సెలవుల్లోనే అక్కడ వాలు కట్టిస్తున్నాం.

ఆదివారం ఆటలు. పరుగు పందెంలో పెద్దలు పిల్లల మీద గెలుస్తామన్నారు. పిక్కలు పట్టేసి ముగ్గురు మధ్యలోనే కూర్చున్నారు. వచ్చే ఏడు పందేనికి ముందు వార్మప్ తప్పనిసరి.

మీలో ఈ బడిలోనే చదివినవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. పిల్లల్ని దింపి గేటు దగ్గర నుంచే వెళ్లిపోతుంటారు. ఆఫీసులో మీ బ్యాచ్ రిజిస్టరు చూసి, జాడ తెలియనివాళ్లలో ఇద్దరి గురించి చెప్పగలిగినా చాలు. చందా ఏమీ అడగం.

చివరిగా, మూడు జతల చదువుకునే కళ్లజోళ్లు, ఎడమకాలి చెప్పు ఒకటి ఆఫీసులో ఉన్నాయి. కళ్లజోళ్ల కోసం ఫోన్లు వచ్చాయి. చెప్పు కోసం ఇంకా ఎవరూ అడగలేదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు