ముందు ఓడ మేను కుదరాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చెక్క ఓడ నమూనాల మీద వ్యాసం చూసి చాలా సంతోషపడ్డాను, తెలుగులో ఈ పని గురించి రాసేవాళ్లే తక్కువ. కానీ వేసిన ఫోటోలన్నీ మూడు స్తంభాల పెద్ద ఓడలవే, రాసిందంతా తెరచాపలు, తాళ్లు, ఫిరంగుల గురించే. అది చూసి కొత్తవాళ్లు అలాంటి కిట్టే కొంటారు, సగంలో అటక ఎక్కిస్తారు. నేను చేసింది అదే, అందుకే ఈ ఉత్తరం.

ఓడ అడుగున పొడవునా ఉండే వెన్నుదూలానికి అడ్డంగా గుచ్చిన, పక్కటెముకల్లాంటి చట్రాల అంచులను ముక్కు దగ్గరా వెనక వైపూ ఏటవాలుగా అరగదీయాలి. లేకపోతే చట్రాల మీద తొడుగులా అతికించే సన్నటి చెక్క బద్ద చట్రం మూల మీద మాత్రమే ఆనుతుంది, మిగతా అంచుకు తగలదు. ఈ సంగతి నా మొదటి కిట్‌తో వచ్చిన కాగితాల్లో ఒక్క ముక్క కూడా లేదు. పది బద్దలు అతికించేసరికి ఓడ పక్కలు గుంతలు, ఎత్తులు పడ్డాయి, తర్వాత ఎంత రంగు వేసినా అవి దాగలేదు. ఇప్పుడైతే జిగురు ముట్టుకునే ముందే ఒక పలచటి బద్దను చట్రాల మీదుగా వంచి పెట్టి చూస్తాను, ఎక్కడ సందు కనబడితే అక్కడ సన్నటి చెక్క ముక్క అతికిస్తాను, ఎక్కడ ఎత్తు తగిలితే అక్కడ శాండ్‌పేపర్ పట్టిస్తాను. దీనికే వారం పట్టినా తొందరపడకూడదు.

బద్దలు కూడా ఉన్నవి ఉన్నట్టు అతికించేవి కావు. ఓడ నడుము దగ్గర చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ, కాబట్టి ప్రతి బద్దనూ ముక్కు వైపుకి సన్నం చేసుకుంటూ పోవాలి. నానబెట్టి, వేడి తగిలిస్తూ మెల్లగా వంచితే అంత తేలిగ్గా విరగదు. అటొకటి ఇటొకటి అతికించాలి, ఒక పక్కంతా ముందే పూర్తి చేస్తే వెన్నుదూలం మెలి తిరిగే ప్రమాదం ఉంది.

ఇక చిన్న చిన్న వివరాల విషయంలో అందరూ మర్చిపోయేది స్కేల్. 1:64లో, అంటే అసలుదాంట్లో 64వ వంతు కొలతలో, ఆరడుగుల మనిషి మూడు సెంటీమీటర్లు కూడా ఉండడు, అసలు ఓడలో రెండు సెంటీమీటర్ల తాడు ఇక్కడ 0.3 మిల్లీమీటర్ల దారం. కిట్‌లో వచ్చే దారం లావుగా ఉంటే నిర్మొహమాటంగా పక్కన పడేయండి. స్తంభాలను నిలబెట్టే తాళ్లకు తారు పూసేవారు కాబట్టి అవి ముదురు రంగులో ఉండాలి, తెరచాపలను లాగే తాళ్లు లేత రంగులో. మెరిసే వార్నిష్ అసలు వద్దు, ఎంత కష్టపడి చేసిన ఓడైనా బొమ్మలా కనిపిస్తుంది.

17, 18 శతాబ్దాల్లో ఇంగ్లండ్ నౌకాదళానికి చేసిన నమూనాల్లో చాలావాటికి కింది భాగంలో బద్దలు కొట్టకుండా చట్రాలు కనబడేలా వదిలేశారు. కొన్నిటికి స్తంభాలు, తాళ్లు కూడా లేవు. నా దృష్టిలో ఈ పనిలో అంతకంటే అందమైనవి లేవు.

ఈసారి ఈ విషయం మీద రాసినప్పుడు, బద్దలు సగం మాత్రమే అతికించిన ఒక స్తంభం చిన్న పడవ ఫోటో ఒక్కటైనా వేయండి. కొత్తవాళ్లను దాంతోనే మొదలుపెట్టమని చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు